కరెంటు పోయిన మూడో రోజు కోసం మండల ప్రణాళిక రాసుకోవడం ఎలా

మొదటి రాత్రి ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండదు. మిద్దెల మీద చాపలు పరుచుకుంటారు. ఇన్వర్టర్ ఉన్న ఇంటి అరుగు మీద నలుగురు చేరి సెల్‌ఫోన్లు చార్జింగ్ పెట్టుకుంటారు. రెండో రోజు ఓవర్‌హెడ్ ట్యాంకులో మిగిలిన నీళ్లతో గడుస్తుంది. మూడో రోజుకు ట్యాంకు అడుగంటుంది, సెల్ టవర్ మూగబోతుంది, పీహెచ్‌సీలో టీకాల పెట్టెను ఎక్కడికి తరలించాలో ఎవర్ని అడగాలో తెలియక నర్సమ్మ కూర్చుని ఉంటుంది. ఇక్కడ రాస్తున్నదంతా ఆ మూడో రోజు కోసమే.

నేను కరెంటు శాఖలో ముప్పై ఏళ్లు చేశాను. అందులో ఎక్కువ కాలం అనంతపురం, కర్నూలు జిల్లాల సబ్‌స్టేషన్లలోనే గడిచింది. రాష్ట్రానికి విపత్తు ప్రణాళిక ఉంది, జిల్లాకూ ఉంది. రెండూ చదివాను, బాగానే రాశారు. అయితే మండలం గడప దగ్గరికి వచ్చేసరికి అవి "సంబంధిత అధికారులు తగు చర్యలు తీసుకోవలెను" అనే ఒక్క వాక్యంగా తేలిపోతాయి. ఆ సంబంధిత అధికారి పేరేమిటి, ఆ తగు చర్య ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే లైను) మీద, ఏ మోటారు దగ్గర, ఎవరి డీజిల్‌తో జరగాలి అన్నది విజయవాడలో కూర్చున్నవాళ్లు రాయలేరు. అది మీరు రాయాలి. సర్పంచి కావచ్చు, పంచాయతీ కార్యదర్శి కావచ్చు, సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్ కావచ్చు, ఊరి సంగతి పట్టించుకునే కుర్రాడు కావచ్చు. ఎవరు మొదలుపెట్టినా నాలుగు ఆదివారాల పని.

ముందు, కోత ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసుకోండి

మన మీద పడే కోతలు మూడు రకాలు. మొదటిది కొరత. 2021 అక్టోబరులో థర్మల్ కేంద్రాల దగ్గర బొగ్గు నిల్వలు ఒకటి రెండు రోజులకు పడిపోయాయి. రోజుకు 20 గూడ్సు రైళ్ల బొగ్గు ఇప్పించమని అప్పటి ముఖ్యమంత్రి ప్రధానికి ఉత్తరం రాశారు. మరుసటి వేసవిలో కొరత ఇంకా ముదిరింది. 2022 ఏప్రిల్ 8 నుంచి పరిశ్రమలకు వారానికి ఒక రోజు పవర్ హాలిడే ఇచ్చి, 24 గంటలూ నడిచే ఫ్యాక్టరీలను సగం వాడకానికి కుదించారు. ఇళ్లకు, సేద్యానికి మిగల్చడానికే అన్నారు, అయినా పల్లెల్లో కోతలు తప్పలేదు.

రెండోది తెగిపోవడం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు, 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి కొట్టుకుపోయినప్పుడు రాష్ట్రంలో కరెంటు లేక కాదు, దాన్ని ఊళ్లోకి తెచ్చే స్తంభాలు లేక చీకటైంది. మూడోది మనుషులు ఆగిపోవడం. 2013 అక్టోబరులో సమైక్యాంధ్ర ఉద్యమంలో మేమంతా సమ్మెకు దిగాం. ఆర్టీపీపీలో (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో) ఉత్పత్తి ఆగింది, రైళ్లు ఆగాయి, సీమ అంతా గంటల తరబడి చీకట్లో ఉంది. తుపాను వస్తోందని 10వ తేదీన విరమించాం. 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్ల సమ్మెకు హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు లైన్లు కట్టింది కూడా ఈ మూడో రకమే.

ఎందుకు విడగొడుతున్నానంటే, మూడింటికీ ఒకే మందు పనిచేయదు. కొరత వచ్చినప్పుడు ఎవరి వంతు ఎప్పుడో తేల్చుకుంటే చాలు. లైను తెగినప్పుడు స్తంభాలు, జేసీబీ, ఎక్కే మనిషి కావాలి. సమ్మె వస్తే ముందే దాచుకున్నదే దిక్కు. మీ కాగితంలో మూడింటికీ మూడు పేజీలు ఉండాలి.

ఇంకో ముక్క. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ తన ఇష్టానికి ఫీడర్ ఆపడు. దేశమంతా కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాలి, వాడకం ఉత్పత్తిని మించితే అది జారుతుంది. 49.90కీ 50.05కీ మధ్య ఉంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. రాష్ట్రం తన వాటాకు మించి లాగుతూ ఫ్రీక్వెన్సీ జారుతుంటే బెంగళూరులోని దక్షిణ ప్రాంత కేంద్రం విజయవాడలోని లోడ్ డిస్పాచ్ సెంటర్‌ను హెచ్చరిస్తుంది. అక్కణ్నుంచి డిస్కమ్‌కు (ఊళ్లకు కరెంటు పంచే సంస్థకు), డిస్కమ్ నుంచి సబ్‌స్టేషన్‌కు "ఈఎల్‌ఆర్ తీసుకోండి" అని ఫోన్ వస్తుంది. ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్ అన్నమాట. ఆ మాట వినకుండా 49.4 దాకా పడితే రిలేలు (తమంతట తాము పనిచేసే రక్షణ పరికరాలు) ఎవర్నీ అడగకుండా ఫీడర్లు కోసేస్తాయి. అందుకని ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. వాడి చేతిలో ఉన్న జాబితాలో మీ ఫీడర్ ఎన్నో వరసలో ఉందన్నదే అసలు సంగతి.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైనప్పుడు మనకు ఏమీ కాలేదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ వేరుగా ఉంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిపారు. రాయచూరు అంటే మనకు మంత్రాలయం దాటితే వచ్చేదే. అప్పటినుంచి దేశం లాభంలోనూ మనది వాటానే, కష్టంలోనూ వాటానే. గ్రిడ్ మొత్తం పడిపోతే థర్మల్ కేంద్రం తనంతట తాను లేవదు. బొగ్గు మిల్లులకు, ఫ్యాన్లకు, పంపులకు బయటి నుంచి కరెంటు అందాలి. ముందు శ్రీశైలం లాంటి జల కేంద్రం లేచి, ఆ కరెంటు ఎర్రగుంట్ల దగ్గర ఆర్టీపీపీకి చేరి, అక్కడి యూనిట్లు గంటల మీద వేడెక్కాలి. అంతదాకా 1,650 మెగావాట్ల కేంద్రం పొగగొట్టాలు కనబడే ఊళ్లో కూడా దీపం వెలగదు. పైన లైనులో కరెంటు పారుతున్నా మీకివ్వరు. అది స్టార్టప్ పవర్, కేంద్రాలను లేపడానికి పోతుంటుంది.

సోలార్ ఉంది కదా అంటారు. గని–శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు పగలు అద్భుతంగా పనిచేస్తుంది. ఊళ్లో ఫ్యాన్లు, లైట్లు అన్నీ వెలిగే రాత్రి ఏడింటికి దాన్నుంచి వచ్చేది సున్నా. ఇక మీ ఇంటి మీది ప్యానెళ్లు, బ్యాటరీ లేని మామూలు రకమైతే, లైనులో కరెంటు పోగానే అవీ ఆగిపోతాయి. మిట్టమధ్యాహ్నమైనా అంతే. లైన్ మీద పని చేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా కట్టారు. ఇది తెలియక పంచాయతీ భవనం మీది సోలార్‌ను నమ్ముకున్న ఊళ్లు నాకు రెండు మూడు తెలుసు.

మొదటి ఆదివారం: ఫీడర్ కాగితం

ఒక చార్టు పేపరు తీసుకోండి. మీ మండలానికి కరెంటు ఏ 33 కేవీ సబ్‌స్టేషన్ నుంచి వస్తుందో, ఆ సబ్‌స్టేషన్‌కు 33 కేవీ లైను ఒకటేనా రెండు వైపుల నుంచీ ఉందా, అందులోంచి ఎన్ని 11 కేవీ ఫీడర్లు బయలుదేరుతున్నాయో గీయండి. ఏఈని (కరెంటు శాఖ అసిస్టెంట్ ఇంజినీరును) అడిగితే ఇస్తారు. లైన్‌మన్‌ను అడిగితే ఇంకా నిజమైనది ఇస్తాడు. ప్రతి ఫీడర్ మీద ఏముందో రాయండి: ఆసుపత్రి, నీళ్ల మోటార్లు, సెల్ టవర్, పాల శీతల కేంద్రం, బంకు, కోళ్ల షెడ్లు, హాస్టల్. ఏబీ స్విచ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టండి. ఒక ఊరి వైపు తెగితే ఆ స్విచ్ దగ్గర విడగొట్టి మిగతా ఊళ్లకు ఇవ్వవచ్చు. ఏ స్విచ్ తుప్పుపట్టి కదలడం లేదో కూడా రాయండి. మా రోజుల్లో సగం స్విచ్‌లు కాగితం మీదే పనిచేసేవి.

జిల్లాలు విడిపోయి 2022 ఏప్రిల్ 4 నుంచి కొత్తవి వచ్చాక పాత ప్రణాళికల్లో ఫోన్ నంబర్లు చాలావరకు పనికిరాకుండా పోయాయి. నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య వైపు వెళ్లిన మండలాల వాళ్లు మీ కలెక్టరేటు ఎక్కడ, మీ డీఈ (డివిజనల్ ఇంజినీరు) ఆఫీసు ఎక్కడ అన్నది మళ్లీ సరిచూసుకోండి. రెవెన్యూ వాళ్ల గీత, కరెంటు వాళ్ల గీత ఎప్పుడూ ఒకచోట కలిసి నడవవు.

రెండో ఆదివారం: నీళ్లు

ఈ పనికి మిగతా అన్నిటికంటే ఎక్కువ టైం ఇవ్వండి. కరెంటు పోతే చీకటి గురించి మాట్లాడతాం కానీ సీమలో ముందు పోయేవి నీళ్లే.

ఊళ్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు మీ ఊరి మోటారువేనా? అనంతపురం జిల్లాలో చాలా ఊళ్లకు 1995 నుంచి సత్యసాయి నీళ్లు వస్తున్నాయి. అవి ఎక్కడో రిజర్వాయర్ దగ్గర లేచి, మధ్యలో పంప్‌హౌస్‌లు దాటి, సంపుల్లో ఆగి మీ ట్యాంకు ఎక్కుతాయి. మీ ఊళ్లో కరెంటు ఉన్నా రెండు మండలాల అవతల ఉన్న పంప్‌హౌస్‌కు లేకపోతే మీ ట్యాంకు ఎండుతుంది. నేను పనిచేసిన ఒక చోట మూడు రోజులు కరెంటు సక్రమంగా ఉండి కూడా నీళ్లు రాలేదు. ఊరి వాళ్లు సబ్‌స్టేషన్ మీదికి వచ్చి గొడవ పడ్డారు. తీరా చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలింది వేరే డివిజన్‌లో. నీళ్ల వాళ్లకూ మాకూ మధ్య ఒక్క ఫోన్ కాల్ కూడా జరగలేదు.

కాబట్టి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈ దగ్గర కూర్చుని నాలుగు సంగతులు అడిగి రాసుకోండి. మా ట్యాంకుకు నీళ్లు పంపే ఆఖరి పంప్‌హౌస్ ఏది, దానికి కరెంటు ఇచ్చే సబ్‌స్టేషన్ ఏది, అక్కడ జనరేటర్ ఉందా, ఉంటే ఆఖరిసారి ఎప్పుడు తిప్పారు. నాలుగో ప్రశ్నకు చాలాచోట్ల జవాబు నవ్వే.

ఇప్పుడు లెక్క. జల్ జీవన్ మిషన్ కొలత ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. 3,000 జనాభా ఊరికి 1,65,000 లీటర్లు. కష్టకాలంలో అంత ఇవ్వలేం. తాగడానికి, వండటానికి, ముఖం కాళ్లు కడుక్కోవడానికి 15 లీటర్లు చాలు. అంటే 45,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ తొమ్మిది ట్రిప్పులు తిరగాలి, లేదా ఊరి బోరే నడపాలి. బోరు గంటకు 8,000 లీటర్లు ఇస్తే ఆరు గంటల లోపే పని అయిపోతుంది. 7.5 హెచ్‌పీ మోటారును జనరేటర్‌తో లాగాలంటే 15 నుంచి 20 కేవీఏ జనరేటర్ కావాలి. మోటారు ఎత్తుకునేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు గుంజుతుంది, చిన్న జనరేటర్ తెస్తే ఆ గుంజుడుకే ఆగిపోతుంది. గంటకు దాదాపు 3 లీటర్ల డీజిల్. రోజుకు 18 లీటర్లు. వారానికి 126. ఈ అంకెను మీ కాగితం మీద పెద్దగా రాసి చుట్టూ గీత గీయండి. జిల్లా అధికారుల దగ్గరికి "నీళ్లకు ఇబ్బందిగా ఉంది సార్" అని పోతే అర్జీ అవుతుంది. "వారానికి 126 లీటర్ల డీజిల్, ఒక 20 కేవీఏ జనరేటర్" అని పోతే ఇండెంటు అవుతుంది, దాని మీద సంతకం పెట్టగలరు.

జనరేటర్ కొనాల్సిన పని లేదు. ప్రతి మండలంలో షామియానా వాళ్లకు, పెళ్లి మండపాలకు, సినిమా హాలుకు, గ్రానైట్ పాలిష్ యూనిట్లకు జనరేటర్లు ఉంటాయి. ఎవరి దగ్గర ఎన్ని కేవీఏది ఉందో, ట్రాలీ మీద ఉందా నేలకు బిగించిందా రాయండి. అద్దె ఎంతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. బోరు దగ్గర చేంజ్‌ఓవర్ స్విచ్ (లైను కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుండా ఆపేది) మాత్రం ఊరి ఖర్చుతో ఈ నెలే పెట్టించండి.

ఆ స్విచ్ గురించి ఒక మాట ఆగి చెప్పాలి. జనరేటర్ తెచ్చి వైర్లు నేరుగా బోర్డులో గుచ్చితే ఆ కరెంటు వెనక్కి తన్ని ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతుంది. అక్కడ 11,000 వోల్టులుగా మారి లైనెక్కుతుంది. లైన్ క్లియర్ (లైను ఆపేశామన్న అనుమతి) తీసుకున్నానన్న ధైర్యంతో స్తంభం ఎక్కిన మనిషి చేతిలో ఉన్నది చచ్చిన తీగ కాదు. ఒక పెళ్లింటి జనరేటర్ వల్ల మా కుర్రాడొకడు స్తంభం మీది నుంచి పడ్డాడు. బతికాడు కానీ మళ్లీ స్తంభం ఎక్కలేదు. జనరేటర్‌ను మూసిన గదిలో నడపడమూ అంతే ప్రమాదం, పొగ వాసన తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

మూడో ఆదివారం: ఎవరికి ముందు

కొరత వచ్చినప్పుడు సబ్‌స్టేషన్ ఫోన్ ఆగకుండా మోగుతుంది. "ఒగ గంట ఇడ్సండి సార్, ఒక్క తడి తడుపుకుంటాం" అనే రైతు నుంచి, పేరు చెప్పకుండా "నేను ఎవరో తెలుసా" అనే పెద్దమనిషి దాకా. ఎవరికి ముందు అన్నది అప్పటికే రాసి, గ్రామసభలో చదివి, తీర్మానం చేసి ఉంచకపోతే పెద్ద గొంతు ఉన్నవాడి ఊరికే కరెంటు పోతుంది. నేనూ ఒకటి రెండుసార్లు ఆ గొంతుకు లొంగాను.

నా దృష్టిలో వరస ఇలా ఉండాలి. ముందు తాగునీటి మోటార్లు, ఆసుపత్రి. వీటితో పాటే ఇళ్లలో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నవాళ్లు. ఆశా కార్యకర్తను అడిగితే ఊరికి ఇద్దరో ముగ్గురో పేర్లు చెబుతుంది. ఆ పేర్లు మెడికల్ ఆఫీసర్ దగ్గరే ఉండాలి, గోడ మీద అంటించకూడదు. తర్వాత సెల్ టవర్, పోలీస్ స్టేషన్, బంకు. ఆ తర్వాత ఆగితే పాడైపోయేవి: పాల శీతల కేంద్రం, ఎండాకాలమైతే కోళ్ల షెడ్లు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్లు ఆగితే షెడ్డులో కోళ్లు మధ్యాహ్నం దాటవు. సేద్యంలో కూడా అన్నీ ఒకటి కాదు. ముదురు చీనీ (బత్తాయి) చెట్టు నాలుగు రోజులు ఓర్చుకుంటుంది, మిరప నారు ఓర్చుకోదు. ఈ వరసతో మీరు ఒప్పుకోకపోవచ్చు. ధర్మవరం చుట్టుపక్కల వాళ్లు మగ్గాలను, హిందూపురం వైపు పట్టుపురుగుల షెడ్లను పైకి తేవాలంటారు. వాదించుకోండి, ఎండాకాలానికి ముందే వాదించుకోండి.

ఇందులో ఒక చిక్కు ఉంది. 11 కేవీ ఫీడర్‌కు ఆసుపత్రి ఏదో, మిల్లు ఏదో తెలియదు. వేస్తే అందరికీ వస్తుంది, తీస్తే అందరికీ పోతుంది. వ్యవసాయ ఫీడర్లను వేరు చేసి పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తున్నారు కాబట్టి అక్కడ కొంత వెసులుబాటు ఉంది. ఊరి ఫీడర్ మీద లేదు. కాబట్టి మీరు అడగాల్సింది "ఆసుపత్రికి కరెంటు ఇవ్వండి" అని కాదు. ఆసుపత్రి, పంప్‌హౌస్ ఉన్న ఫీడర్‌ను ఈఎల్‌ఆర్ జాబితాలో ఆఖరుకు వేయమని, తప్పని కోతను గంట గంటగా ముందే టైం చెప్పి తీయమని డీఈకి రాతపూర్వకంగా అడగాలి. జాబితా సర్కిల్ ఆఫీసులో తయారవుతుంది. అడిగిన మండలానికీ అడగని మండలానికీ అక్కడ తేడా కనబడుతుంది.

కరెంటు తిరిగి వచ్చే క్షణం గురించి కూడా ఈ తీర్మానంలోనే రాయండి, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండు రోజుల తర్వాత ఆపరేటర్ ఫీడర్ వేయగానే ఆటో స్టార్టర్లు పెట్టిన మోటార్లన్నీ ఒకేసారి ఎత్తుకుంటాయి. ఇళ్లలో ఫ్రిజ్‌లు, ఏసీలు అన్నీ ఆకలి మీద ఉంటాయి. ఫీడర్ మళ్లీ ట్రిప్ అవుతుంది. మూడోసారికి ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. వరద తట్టుకుని నిలబడ్డ ట్రాన్స్‌ఫార్మర్లు కరెంటు వచ్చిన రోజు కాలిపోవడం నేను చూశాను. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి నియంత్రణ మండలి పెట్టిన గడువు మామూలు రోజుల్లోనే 48 గంటలు, పట్టణాల్లో 24. అందరివీ ఒకేసారి కాలితే ఆ గడువుకు అర్థం లేదు. కాబట్టి: కరెంటు పోయిన రోజు సాయంత్రమే రైతులు ఆటో స్టార్టర్లు తీసేయాలి. వచ్చాక మొదటి అరగంట ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు మాత్రమే. మోటార్లు ట్రాన్స్‌ఫార్మర్ వారీగా, వంతుల మీద. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక రైతు పేరు రాయండి, వంతులు చూసేది ఆయనే.

నాలుగో ఆదివారం: డీజిల్, ఫోన్లు, టీకాలు

డీజిల్ విషయం క్లుప్తంగా చెబుతాను. బంకు పంపు కూడా కరెంటు మీదే నడుస్తుంది, కాబట్టి జనరేటర్ ఉన్న బంకు ఏదో ముందు తేల్చుకోండి. అంబులెన్సులు, నీళ్ల ట్యాంకర్లు, లైన్ల వాహనాల కోసం బంకుల్లో కొంత నిల్వ పక్కన పెట్టించే పని కలెక్టరు, పౌరసరఫరాల శాఖ చూస్తారు. మీ మండలానికి ఏ బంకులో ఎన్ని లీటర్లు, ఎవరి చీటీ మీద ఇస్తారు అన్నది జిల్లా సరఫరాల అధికారితో రాయించుకోండి. పంచాయతీ సొంతంగా నిల్వ పెట్టుకోవచ్చా అని అడుగుతారు. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ 2,500 లీటర్ల దాకా, ఏ పీపా 1,000 లీటర్లు మించకుండా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. పెట్రోలు అయితే అమ్మకానికి కానిది 30 లీటర్లే. ఊరికి రెండు పీపాల డీజిల్ చాలు. నీడన, బడికి దూరంగా, పక్కన ఇసుక బకెట్లతో ఉంచండి. ఆరు నెలలకోసారి వాడేసి కొత్తది నింపండి.

సెల్ టవర్ బ్యాటరీ కొన్ని గంటలు వస్తుంది. తర్వాత దాని జనరేటర్‌లో ఎవరో వచ్చి డీజిల్ పోయాలి. ఆ ఎవరో ఒక కాంట్రాక్టు కుర్రాడు, బహుశా మీ పక్క ఊరివాడే, వాడి పేరు రాసుకోండి. టవర్ పోయాక మిగిలేది పోలీసు వైర్‌లెస్. ఎస్‌ఐతో మాట్లాడి రోజుకు రెండు పూటలా ఊరి సమాచారం స్టేషన్ నుంచి జిల్లాకు పోయేలా ఒప్పందం చేసుకోండి. ఊళ్లో వార్త చెప్పడానికి గుడి మైకు, మసీదు మైకు బ్యాటరీ మీద నడుస్తాయా చూడండి. లేకపోతే చాటింపు వేసే మనిషి ఉన్నాడు కదా, ఆయన పేరు కూడా జాబితాలో ఉండాలి. 1912 కరెంటు ఫిర్యాదులకు, 1077 జిల్లా కంట్రోల్ రూముకు, 1070 రాష్ట్ర కంట్రోల్ రూముకు, 112 ప్రాణాపాయానికి. వీటిని ఫోన్‌లో కాదు, సచివాలయం గోడ మీద పెయింటుతో రాయించండి.

టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పీహెచ్‌సీలో ఉండే ఐఎల్‌ఆర్ (టీకాల ఫ్రిజ్) పెట్టె రోజుకు ఎనిమిది గంటల కరెంటుతో నెట్టుకొస్తుంది. అంతకంటే తగ్గితే మూత తెరవకుండా ఎంతసేపు ఆగాలి, ఆ తర్వాత ఏ ఊరి ఆసుపత్రికి ఏ బండిలో తరలించాలి అన్నది మెడికల్ ఆఫీసర్ చేత రాయించి ఆ పెట్టె మీదే అంటించండి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లకు తడిగుడ్డ చుట్టిన మట్టికుండ చెప్పండి, మన ఎండలకు అది నమ్మకమైనదే.

సంతకాలు, ఆ తర్వాత పరీక్ష

ఇంతా రాసి మీ దగ్గరే ఉంచుకుంటే లాభం లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే. 34వ సెక్షన్ కింద ఏ శాఖ దగ్గర ఉన్న వనరునైనా వాడమని ఆదేశించే అధికారం ఆ సంస్థకు ఉంది. కరెంటు వాళ్లు, నీళ్ల వాళ్లు, వైద్యం వాళ్లు మామూలు రోజుల్లో ఎవరికి వారే యమునా తీరే. వాళ్లను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగలిగేది ఆ కుర్చీ ఒక్కటే. అందుకని తహసీల్దారు, ఎంపీడీవో సంతకాలతో మీ కాగితాన్ని జిల్లా ప్రణాళికకు అనుబంధంగా చేర్చమని అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. ఒక ప్రతి ఏఈకి, ఒకటి పీహెచ్‌సీకి, ఒకటి ఎస్‌ఐకి. ఏటి ఒడ్డున ఉన్న ఊళ్లయితే ఒక ప్రతి మిట్ట మీద ఉన్న ఇంట్లో ఉంచండి. కోతలు, రిపేర్లు గడువు దాటుతున్నాయన్న ఫిర్యాదులకు డిస్కమ్ వినియోగదారుల ఫోరం వేరే ఉంది. గడువులు పెట్టే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆఫీసు ఇప్పుడు కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. అక్కడ బహిరంగ విచారణ జరిగినప్పుడు మీ ఫీడర్ కాగితం పట్టుకుని వెళ్లి మాట్లాడవచ్చు, బస్సు చార్జీలు తప్ప ఖర్చు లేదు.

పరీక్ష ఫిబ్రవరిలో పెట్టుకోండి, ఎండలు ముదరకముందే. లైన్ల మరమ్మతుకు ఏఈ ఎలాగూ ఒక రోజు కరెంటు తీస్తారు. అలాంటి కోత ఒక్క విడతలో 12 గంటలు మించకూడదని, సాయంత్రం ఆరు లోపు ఇచ్చేయాలని నిబంధన. ఆ రోజునే వాడుకోండి. ఉదయం కరెంటు పోగానే జనరేటర్ తెప్పించి బోరుకు కట్టండి, టైం రాయండి. బంకు దగ్గరికి చీటీతో మనిషిని పంపండి. స్టేషన్ వైర్‌లెస్ నుంచి ఒక కబురు పంపించి జిల్లా నుంచి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడండి. సాయంత్రం కరెంటు వచ్చేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ వంతులు పాటించారో లేదో ఆపరేటర్ లాగ్ బుక్‌లో ఆంపియర్లు చూస్తే తెలిసిపోతుంది.

మేము మొదటిసారి చేసినప్పుడు జనరేటర్ వచ్చింది, డీజిల్ వచ్చింది, చేంజ్‌ఓవర్ స్విచ్ ఉంది. బోరు గది తాళంచెవి ఉన్న వాటర్‌మన్ మాత్రం కూతురి సీమంతానికి గుత్తి పోయాడు. రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది ఆ సాయంత్రమే కాగితం మీదికి ఎక్కింది.